పెట్టె అడుగున పదకొండు చీటీలు

బడి మొత్తానికి ఆయన బెంచీ తాత. ఇరవై ఎనిమిదేళ్ళుగా విరిగిన బెంచీకి కాలు అతకాలన్నా, ఊడిన కిటికీకి రెక్క బిగించాలన్నా, జారిపోయిన నల్లబల్లని పైకెత్తాలన్నా ఆయన చెయ్యే పడాలి. చెయ్యి ఎంత పని చేసేదో నోరు దానికి రెండింతలు చేసేది. రంపంతో కోసింది తక్కువ, నోటితో కోసింది ఎక్కువ అని ఆయన భార్యే అనేది.

ఒకసారి ఆయన ఎంత తేలికైన తలుపు చేశాడంటే, బిగించేలోపే గాలి దాన్ని ఎత్తుకుపోయిందట. మూడు వీధులు వెంటపడి చూస్తే ఆ తలుపు ఎవరింటి ముందో నిలబడి వాళ్ళ తలుపు తడుతోందట.

"వాళ్ళు తీశారా తాతా?" అని పిల్లలు అడిగేవారు.

"ఎవరు తీస్తారమ్మా? రెండు తలుపులూ కబుర్లలో పడ్డాయి. సాయంత్రం దాకా నేనూ ఆ ఇంటాయనా చెరోవైపు నిలబడి గోళ్ళు గిల్లుకున్నాం."

ఇది చెప్పేటప్పుడు నోట్లో నాలుగు మేకులుండేవి. పెదాల మధ్య మేకులు పెట్టుకుని అంత స్పష్టంగా అబద్ధం ఆడగల మనిషి ఆ బడిలో మరొకరు లేరు.

ఎవరూ అప్పగించని పని ఇంకొకటి ఆయన చేసేవాడు. పేర్లు పెట్టడం. ఒకటో తరగతిలో చేరిన బిడ్డకి సాయంత్రం గంట కొట్టేలోపు తాత పెట్టిన పేరొకటి ఉండేది. బారుగా ఉన్న పిల్ల నిచ్చెన. బొద్దుగా ఉన్నవాడు పీపా. ఒక్క అక్షరం దిద్దడానికి పూట పట్టేవాడు నత్త. అడిగినా అడక్కపోయినా వార్తలు మోసేవాడు రేడియో. ఆ పేర్లు తుమ్మజిగురులా పట్టేసేవి. టీచర్లు కూడా ఒక్కోసారి నాలుక జారి అలాగే పిలిచేవారు.

"అసలు పేర్లదేముందమ్మా, అవి బిడ్డ పుట్టకముందే కొనిపెట్టిన చొక్కాలు. నేను కొలతలు తీసుకుని కుడతాను" అని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

ఆయన కుట్టినవాటిలో ఆయనకే బాగా నచ్చిన పేరు కుళాయి. ఎనిమిదేళ్ళ కిందట ఒక పాప గేటు దగ్గర మొదలుపెట్టి వరండా చివరిదాకా ఏడుస్తూనే నడిచింది. తాత చిత్రిక పడుతున్నవాడల్లా ఆగి, ఉంగరంలా చుట్టుకున్న చెక్క పొట్టు ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఈ కుళాయి ఎవరైనా కట్టేయండమ్మా, వరండా తడిసి ముద్దవుతోంది" అన్నాడు. వరండా అంతా నవ్వింది. పాప ఏడుపు ఠక్కున ఆగింది. ఆ సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.

ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇప్పటికీ జవాబు చెప్పడానికి లేచి నిలబడితే చాలు, వెనక బెంచీలో ఎవడో ఒకడు గాలిలో చెయ్యి పెట్టి కుళాయి కట్టేస్తున్నట్టు మణికట్టు తిప్పేవాడు. తాత అది చాలాసార్లు చూశాడు. చూసి, ఎనిమిదేళ్ళయినా అతుకు వదల్లేదని పనివాడు సంబరపడినట్టు సంబరపడ్డాడు.

ఆ ఏడాది బడిలో పాత సామాన్ల గది ఖాళీ చేసి 'తయారీ గది' అని బోర్డు పెట్టారు. సైన్సు టీచరు పెట్టిన నియమాలు మూడే. బడిలో మనుషుల్ని బాధపెడుతున్న సంగతి ఒకటి పిల్లలే ఎంచుకోవాలి, దానికి మందు పిల్లలే తమ చేతులతో చెయ్యాలి. డైరీలో మాత్రం ఏం బాగా వచ్చిందో తర్వాత రాయొచ్చు, ఏం చెడిందో ముందు రాయాలి. రంపం, ఉలి పట్టే చోట తప్ప పెద్దవాళ్ళు వేలు పెట్టకూడదు. అందుకని తాతకి ఆ గదిలో ఒక మూల, ఒక స్టూలు దొరికాయి.

ఒక జట్టు చంకకర్రలతో నడిచే తమ స్నేహితుడి కోసం లైబ్రరీ మెట్ల మీద వాలు చెక్క వేసింది. ఇంకో జట్టు అమ్మాయిల బాత్‌రూముకి లోపలి గడియ లేదని, పైకప్పు నుంచి రాలిన ఇనప ముక్కలతో గడియలు చేసింది. కుళాయి, రేడియో, నత్త, నిచ్చెన కలిసి ఏడిపించడాన్ని ఎంచుకున్నారు. ఎవరు ఎవర్ని ఏమంటున్నారో పేరు చెప్పకుండా రాసి వేసే పెట్టె. మాట పెట్టె అని పేరు పెట్టారు.

"పెట్టేగా, రెండు రోజుల్లో చేసిపడేస్తాను" అన్నాడు తాత.

"ఉట్టి పెట్టె కాదు తాతా" అంది కుళాయి. "ఎన్ని చీటీలు పడ్డాయో బయటికి కనబడాలి. ఇదివరకు ఆఫీసు గది బయట ఒక పెట్టె ఉండేది, గుర్తుందా? మేం రాసి రాసి వేశాం. అవి ఎటు పోయాయో ఎవరికీ తెలీదు."

"ఎటు పోతాయమ్మా? కాగితాలు తినడానికి మనుషులేమన్నా మేకలా?"

"మేకలైతే నయం తాతా. మూతి అంచున ముక్కైనా కనబడుతుంది."

తాత పగలబడి నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలాకాలం ఆయన చెవిలో ముల్లులా ఉండిపోయింది.

గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయే జనాన్ని లెక్కపెట్టే చేతి మీటరు ఒకటి నత్త ఇంట్లో దొరికింది. నొక్కితే టిక్కుమని అంకె మారుతుంది. చీటీలకి పాత నోటుపుస్తకాల అట్టలు కత్తిరించారు. చీటీని వేలితో లోపలికి నెడితే లోపలి రేకు ముక్క వంగి మీటరు నొక్కుకోవాలి. ఆ రేకు కుదరడానికి పదిహేను రోజులు పట్టింది. ఒకసారి చీటీ పడినా టిక్కు వినబడేది కాదు, ఇంకోసారి తుమ్మినా వినబడేది. కుళాయి విసుక్కోకుండా రేకుని వంచుతూ, సరిచేస్తూ, ఏం చెడిందో డైరీలో రాస్తూ కూర్చునేది.

చెక్కపని అంతా తాతదే. మూలలన్నీ ఒకదానిలో ఒకటి కొరుక్కునేలా కోసి, మేకు లేకుండా బిగించాడు. అడుగు చెక్క మాత్రం అలవాటు ప్రకారం గాడిలో కూర్చోబెట్టాడు. ఆయనకి పని నేర్పింది వాళ్ళ నాన్న. "తాళంచెవి పారేసుకోవడం మనిషి గుణంరా. పారేసుకున్నవాడు గొడ్డలి తెస్తాడు. చేసినవాడే పెట్టెని కాపాడుకోవాలి" అనేవాడు ఆ పెద్దాయన. అందుకని వాళ్ళింట్లో చేసిన ప్రతి పెట్టెకీ వెనక కుడిమూల కింద కందిగింజంత కర్ర చీల ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కి లాగితే అడుగు సొరుగులా జారి వస్తుంది. సంగతి చేసినవాడికి తప్ప తెలియదు. చెప్పకూడదు కూడా. తాత పిల్లలకి చెప్పలేదు. చెడ్డ బుద్ధితో కాదు, చెప్పాలని తోచలేదంతే.

సోమవారం లైబ్రరీ వరండా గోడకి పెట్టె తగిలించారు. శనివారం మొదటి పీరియడ్‌లో అందరి ముందూ తెరవాలని నిర్ణయం. తాళంచెవి దారానికి కట్టి కుళాయి మెళ్ళో వేసుకుంది.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి బడి ఖాళీ అయింది. మీటరు ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. రేకు పట్టేసిందేమో చూద్దాం అని తాత తనకి తనే చెప్పుకున్నాడు. అసలు సంగతి, కబుర్లు పోగేసేవాడు కబుర్లు నిండిన పెట్టె ముందు నుంచి ఊరికే నడిచి వెళ్ళలేకపోయాడు. చీల నొక్కాడు. అడుగు జారింది. చీటీలు కింద పట్టిన తువ్వాల్లో పడ్డాయి.

మొదటివి చదివి అయ్యో అనుకున్నాడు. 'లెక్కల పీరియడ్‌లో నా సంచీ దాచేస్తున్నారు.' 'ఆటల్లో నన్నెవరూ పిలవరు. పిలిచినా బంతి ఇవ్వరు.' పిల్లల లోకం పిల్లలది అనుకుంటూ ఇంకోటి తీశాడు.

'పీపా అని పిలవొద్దని చెప్పండి. నేను మధ్యాహ్నం డబ్బాలో సగం పారేస్తున్నాను.'

ఆ తర్వాతది, 'పొడుగని నాకు తెలుసు. రోజూ గుర్తుచెయ్యక్కర్లేదు.' ఆ తర్వాతది, 'బెంచీ తాత మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంట్లో మా చెల్లి కూడా అలాగే పిలుస్తోంది. తనకి నాలుగేళ్ళు. తనకి నా అసలు పేరు రాదు.'

తాత వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఏరితే పదకొండు తేలాయి. పదకొండింటిలోనూ ఆయన కుట్టిన చొక్కాలే. అన్నిటికన్నా చిన్న చీటీ మీద పెన్సిలుతో రెండే ముక్కలున్నాయి. 'బెంచీ తాత అంటే నాకు ఇష్టం. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.' ఎవరిదో అక్షరాన్ని బట్టి తెలియలేదు.

కుళాయి రాసింది ఉందేమోనని రెండుసార్లు వెతికాడు. లేదు. హమ్మయ్య, ఆ పిల్లకి కోపం లేదన్నమాట అనుకున్నాడు. మునిగేవాడికి గడ్డిపరక దొరికినట్టు ఆ మాట పట్టుకుని, ఇరవై ఏడు చీటీలు పెట్టెలో పోసి, పదకొండు తన పనిముట్ల పెట్టెలో లక్క ముద్దల కింద దాచాడు. సోమవారం ఆలోచించి ఏదో ఒకటి చేద్దాం అనుకున్నాడు. పైన మీటరు ఉందన్న సంగతి ఇంటికి సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. అప్పటికి గేటుకి తాళం పడింది.

శనివారం పొద్దున పెట్టె తెరిచి లెక్కపెట్టారు. ఇరవై ఏడు. మళ్ళీ లెక్కపెట్టారు. మూడోసారి టీచరు లెక్కపెట్టింది. అప్పుడూ ఇరవై ఏడే.

"మీటరు ఎక్కువ కొట్టిందేమో" అన్నాడు నత్త.

"రెండు వందల సార్లు నొక్కి చూశాం కదరా. ఒక్కసారీ తప్పలేదు" అంది కుళాయి. తన మెడకే ఉచ్చు పడుతుందని తెలిసి కూడా యంత్రాన్ని తప్పు పట్టనివ్వలేదు.

రేడియో మెల్లగా అన్నాడు. "టీచర్, నేనేం అనట్లేదు. తాళంచెవి మాత్రం ఒక్కరి దగ్గరే ఉంది."

"ఏమీ అనకుండానే అంత అన్నావు, ఇంకా అంటే ఏముందో" అంది నిచ్చెన.

వెనక నుంచి గుసగుసలు మొదలయ్యాయి. తన మీద రాసినవి తీసేసుంటుంది. కాదు, తన స్నేహితురాళ్ళ మీద రాసినవి. ఎవడో గాలిలో మణికట్టు తిప్పాడు.

తాత అక్కడే ఉన్నాడు. గది తలుపు బందు బిగించే వంకతో పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. టీచరు ఆయన వైపు తిరిగి, "తాతగారూ, పెట్టె తెరవడానికి ఇంకో దారేమీ లేదు కదా?" అని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. నోట్లో మేకులు ఉండబట్టి మాట్లాడలేకపోయానని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. మేకులు ఉమ్మెయ్యడానికి ఎంతసేపు?

"వచ్చే శుక్రవారం ఎగ్జిబిషన్‌కి ఆరు బళ్ళ వాళ్ళు వస్తున్నారు" అంది టీచరు. "లెక్క తేలకుండా దీన్ని బయట పెట్టలేను. తాళంచెవి నాకివ్వమ్మా."

కుళాయి మెళ్ళోంచి దారం తీసి ఇచ్చింది. జుట్టుకి చిక్కుకుంటే నెమ్మదిగా విడదీసుకుని మరీ ఇచ్చింది. ఏడవలేదు. ఆ పిల్ల ఒకటో తరగతి మొదటి రోజు తర్వాత బడిలో ఏడవగా తను ఎప్పుడూ చూడలేదని తాతకి అప్పుడు తట్టింది. నేను కట్టేశాను అనుకున్నాడు. ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్న మాటే అది.

ఆదివారం మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే భార్య చూసింది.

"ఏమండీ, నోటికి తాళం పడిందా? పొద్దున్నుంచీ ఒక్క కోత లేదు. ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదు. ఒకటడుగుతాను చెప్పు. పెళ్ళైన కొత్తలో నీకు గంట అని పేరు పెట్టాను కదా."

"పెట్టారు. మీ ఇంటిల్లిపాదీ అలాగే పిలిచారు. మీ చెల్లెలు ఇప్పటికీ గంటొదినా అనే అంటుంది."

"నీకెలా ఉండేది?"

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "నలభై ఏళ్ళకి అడిగారు. మా నాన్నకి చెవుడు. ఆయనకి వినబడాలని గట్టిగా మాట్లాడటం అలవాటైంది నాకు. మీరు గంట అన్నాక ఆర్నెల్లు మీ అమ్మ ముందు నోరు విప్పలేదు. కోడలు ఎంత నెమ్మదస్తురాలో అని ఆవిడ మురిసిపోయింది."

"ఒక్కసారైనా చెప్పకపోయావా?"

"మీరు ముద్దుగా పిలిచేవారు. ముద్దుగా పిలిచేవాణ్ణి ఏమని తిడతాం?" అని ఆవిడ మజ్జిగ పోసింది. "తినండి. అన్నం ఏం చేసింది?"

ఆ చిన్న చీటీ రాసిందెవరో గానీ, ఈవిడకీ ఆ చీటీకీ తేడా లేదనిపించింది ఆయనకి.

సోమవారం ఆయన ఒక ఉపాయం పన్నాడు. నిజం చెప్పడం తప్ప మిగిలిన ఉపాయాలన్నీ ఆయనకి వచ్చు. టీచరు దగ్గరికెళ్ళి, "అమ్మా, రేకుకీ వెనక చెక్కకీ మధ్య సందుందేమోనని నా అనుమానం. ఓసారి తాళంచెవి ఇప్పించండి" అన్నాడు. పిల్లలందరూ మూగారు. తాత మూత తెరిచి, మోచెయ్యి దాకా చెయ్యి లోపలికి పెట్టి, చొక్కా చేతిలో దాచుకున్న చీటీలు వేళ్ళలోకి జార్చుకుని, మూలిగి, ముఖం చిట్లించి, ఒక్కొక్కటే బయటికి తీశాడు. గాలికి తలుపుని ఎగరేసిన మనిషికి పదకొండు అట్టముక్కలు ఒక లెక్కా?

గదిలో చప్పట్లు మోగాయి. టీచరు గుండెల మీద చెయ్యి వేసుకుని కుళాయికి తాళంచెవి తిరిగిచ్చింది. రేడియో కుళాయి దగ్గరికెళ్ళి, "నేనేం అనలేదు కదా" అన్నాడు. అదే వాడి క్షమాపణ.

కుళాయి మాత్రం చీటీలు తీసుకుని ఒక్కొక్కటీ చదివింది. చదివి, వాటిని ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. తర్వాత తాత వైపు చూసింది. ఎక్కువసేపు చూడలేదు. ఆ చూపుకి ఆయన చేతులు ఊరికే పనిముట్లు సర్దడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరుచుకున్న వేళ ఆమె డైరీ పట్టుకుని ఆయన స్టూలు దగ్గరికొచ్చింది.

"ఏం చెడిందో ముందు రాయాలి కదా" అంది. "చీటీలు ఎక్కడ ఇరుక్కున్నాయో బొమ్మ గీయాలి. ఆ సందు చూపిస్తారా?"

మొన్నటిదాకా 'నువ్వు తాతా' అన్న పిల్ల. ఈ మర్యాద ఆయనకి చలిగా తగిలింది.

"అక్కడేనమ్మా, రేకు వెనకాల. కొంచెం లోపలికి."

"చూశాను. దారం పెట్టి చూశాను, దూరలేదు. తర్వాత వెంట్రుక పెట్టి చూశాను, అదీ దూరలేదు." ఆమె పెట్టె మూల మీద వేలు రాసింది. "మీరు చేసిన పెట్టెలో సందు ఉండదు తాతా. మీరు పని అలా చెయ్యరు."

ఆయన నోరు తెరిచాడు. చెక్క సరిగా ఆరలేదమ్మా అనొచ్చు. ముసలివాణ్ణయ్యాను, అతుకు కుదరలేదు అనొచ్చు. ఆ ఒక్క మాట అంటే అబద్ధం నిలబడుతుంది, శుక్రవారం గట్టెక్కుతుంది. జీవితంలో నోటితో ఏనుగుల్ని ఎగరేసినవాడు, తన చేతి అతుకు వదులైందని చెప్పడానికి మాత్రం నోరు తిప్పలేకపోయాడు. పైగా ఆ పిల్ల ఆ మాట అన్నది తన పనిని నమ్మి.

పెట్టె ఒళ్ళోకి తీసుకుని వెనక్కి తిప్పాడు. కుడిమూల కింద బొటనవేలు పెట్టి నొక్కాడు. అడుగు జారి బయటికొచ్చింది.

కుళాయి ఆ చీల వైపు చాలాసేపు చూసింది. "బాగుంది" అంది చివరికి. పనిని మెచ్చుకుంటున్నట్టే ఉంది గొంతు. "చీటీలకి లక్క వాసన వచ్చింది. అందుకే అడిగాను."

"భయమేసిందమ్మా. అన్నీ నేను పెట్టిన పేర్లే. నలుగురిలో చదువుతారని భయమేసింది. నీ మీదికి వస్తుందని తోచలేదు. తోచాక నోరు రాలేదు. టీచరు అడిగినప్పుడు కూడా లేదన్నాను."

"శనివారం ఇంటికెళ్ళాక మా నాన్న కూడా అడిగాడు, నువ్వు తీయలేదు కదా అని. తీయలేదంటే సరే అన్నాడు. కానీ అడిగాడు."

తాత అడుగు చెక్కని మళ్ళీ లోపలికి నెట్టాడు. "నువ్వు నా మీద చీటీ వెయ్యలేదు. నీకు కోపం లేదనుకున్నాను" అన్నాడు.

"నేను చీటీ రాయలేదు తాతా. పెట్టె చేశాను."

వరండాలో ఎవరో డబ్బా మూత కింద పడేశారు. అది దొర్లుకుంటూ పోయి గోడకి తగిలి ఆగింది.

ఆమె డైరీ తెరిచి పెన్ను మూత తీసింది. "అబద్ధమైతే నేను రాయలేను. నిజమైతే మీరే చెప్పండి, రాస్తాను."

ఆయన చెప్పాడు. శుక్రవారం, నాలుగున్నర, చీల, పదకొండు, లక్క ముద్దల కింద, తల అడ్డంగా ఊపడం, చొక్కా చెయ్యి. ఆమె వంచిన తల ఎత్తకుండా రాసింది. చివర ఆగి, "బెంచీ తాత అని రాయనా, మీ పేరు రాయనా?" అని అడిగింది.

"పేరు రాయి."

"మీ పేరు నాకు తెలీదు."

చెప్పాడు. ఎప్పుడో అటక మీద పడేసిన సామాను దించినట్టు ఆ పేరు ఆయన నోటికే కొత్తగా ఉంది. నీ పేరేంటమ్మా అని తిరిగి అడగాలనుకున్నాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ చూస్తున్న పిల్లని ఆ మాట అడగడానికి సిగ్గేసింది. మర్నాడు పొద్దున హాజరు పిలిచే వేళకి తొమ్మిదో తరగతి కిటికీ బయట, బాగున్న రెక్కనే మళ్ళీ బిగిస్తూ నిలబడ్డాడు. పద్నాలుగో నంబరుకి ఆ పిల్ల 'ప్రెజెంట్ టీచర్' అంది. ఆ పేరు మంచి పేరు. కొలతకి సరిగ్గా సరిపోయింది.

డైరీ చదివి సైన్సు టీచరు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. హెడ్మిస్ట్రెస్ పిలిపించి, విషయం ఈ గది దాటకుండా చూద్దాం, పై బళ్ళ వాళ్ళ ముందు మనకే చిన్నతనం అంది. తాతకి ఆ మాట తేనెలా వినిపించింది. తలుపు దగ్గర నిలబడ్డ పద్నాలుగో నంబరు మాత్రం, "చెడింది ముందు రాయాలన్నది నియమం కదా మేడమ్" అంది. హెడ్మిస్ట్రెస్ టీచరు వైపు చూసింది, టీచరు కిటికీ వైపు చూసింది. దాంతో ఆ సంగతి తేలిపోయింది.

శుక్రవారం ఎగ్జిబిషన్‌లో పెట్టె పక్కన తాతని నిలబెట్టారు. వచ్చినవాళ్ళకి చీల నొక్కి చూపించాలి, జరిగింది చెప్పాలి. ఆయన చెప్పాడు.

"ఈ పెట్టె నేను చేశాను. నా మీద రాసిన చీటీలు పదకొండు, ఈ దారిన తీసి దాచాను. నింద ఆ అమ్మాయి మీద పడితే చూస్తూ ఊరుకున్నాను."

"తర్వాత?" అన్నాడు చూడవచ్చిన ఒక పెద్దమనిషి, ఇంకా ఏదో ఉంటుందని.

"అంతేనండీ."

"తాతా, తలుపు కథలాగా కాస్త బాగా చెప్పొచ్చుగా" అని రేడియో పక్క నుంచి గొణిగాడు. "మూడు ముక్కల్లో తేల్చేస్తే ఎలా?"

"ఇది జరిగింది నాయనా. జరిగినవి ఇంతే ఉంటాయి."

సాయంత్రం దాకా అరవైసార్లు చెప్పాడు. ఒక్కసారీ ఒక్క మాట పెరగలేదు. పద్నాలుగో నంబరు పిల్ల పక్కనే నిలబడి రేకు ఎలా వంగుతుందో వివరించింది. ఆయన వైపు తిరగలేదు గానీ, మధ్యాహ్నం ఆయన గొంతు ఎండిపోయినప్పుడు నీళ్ళ సీసా జరిపింది.

ఎగ్జిబిషన్ అయ్యాక పిల్లల ఎదురుగానే అడుగు చెక్క గాడి నిండా జిగురు పోసి, చీల తలని ఉలితో నరికి, నున్నగా చిత్రిక పట్టాడు. వాళ్ళ నాన్న నేర్పిన దారి ఒకటి అలా మూసుకుపోయింది. సోమవారం పెట్టె మళ్ళీ లైబ్రరీ వరండా గోడకెక్కింది. మీటరుని పాత ముప్ఫై ఎనిమిది దగ్గరే ఉంచారు.

ఆ మధ్యాహ్నం తాత మెట్టు మీద కూర్చుని బెంచీ కాలు చెక్కుతున్నాడు. ఏడో తరగతి పిల్లల పేర్లన్నీ రెండు రోజులుగా కాగితం మీద రాసుకుని వల్లెవేస్తున్నాడు. పదహారు వచ్చాయి. ఎదురుగా ఒక బొద్దబ్బాయి డబ్బా పట్టుకుని వస్తున్నాడు. డబ్బాలో సగం పారేస్తున్నాను అన్న చీటీ ఆయన కళ్ళ ముందు కదిలింది. ఇవాళ పూర్తిగా తిన్నావా నాయనా అని అడగాలి. పేరుతో పిలిచి అడగాలి. పేరు తెలుసు, పొద్దున్నే మూడుసార్లు అనుకున్నాడు.

"ఒరే పీ..." అంది నాలుక.

పళ్ళ మధ్య నాలుక కొరుక్కున్నాడు. కానీ సగం మాట అప్పటికే వరండాలో పడిపోయింది. అబ్బాయి ఆగి, తాత ముఖం చూసి, "పర్లేదు తాతా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అని ముందుకి నడిచాడు.

ఆ పర్లేదు ఎంత మెత్తగా ఉందో, బెంచీ తాత అంటే ఇష్టం అన్న ఆ చిన్న చీటీ వీడిదేమోనని తాతకి మొదటిసారి అనుమానం వచ్చింది. ఉలి చేతిలోనే ఉండిపోయింది.

వరండా మలుపు అవతల, లైబ్రరీ గోడ దగ్గర, టిక్కుమని చప్పుడైంది.

లేచి వెళ్ళి చూశాడు. అప్పటికి అక్కడెవరూ లేరు. మీటరు ముప్ఫై తొమ్మిది చూపిస్తోంది. ఆయన బొటనవేలు అలవాటు కొద్దీ పెట్టె వెనక కుడిమూలకి పోయింది. నున్నటి చెక్క తగిలింది. శనివారం మొదటి పీరియడ్ దాకా ఆగాలి. ఆవేళ సోమవారం.